"ఆ మాటని ఏ ల్యాబ్‌లో తేల్చారు సార్?"

ఫిజిక్స్‌సార్_గుంటూరు · శుక్రవారం రాత్రి 9:12

అందరికీ నమస్కారం. ఇంటర్ పిల్లలకి ఫిజిక్స్ చెబుతాను. పద్దెనిమిదేళ్లుగా సెలవులొస్తే ఊళ్లు తిరిగి మూఢనమ్మకాల మీద ప్రదర్శనలు కూడా ఇస్తుంటాను. కత్తికి మందారపూల రసం పూసి నిమ్మకాయ కోస్తే ‘రక్తం’ కారడం, నాలుక మీద కర్పూరం వెలిగించడం, నిప్పుల మీద నడవడం, ఇలాంటివి. గుండం తొక్కి ఇవతలికి వచ్చాక "మహిమా లేదు, మంత్రమూ లేదు, బొగ్గు వేడిని అరికాలికి అంత తొందరగా అందించలేదు, అంతే" అని చెప్పడం నాకు అలవాటు.

మొన్న సెకండియర్ క్లాసులో మంచి ఊపులో ఉండి "సైన్సు ఒక్కటే నిజానికి దారి, మిగతావన్నీ అభిప్రాయాలే" అన్నాను. వెనక బెంచీ కుర్రాడు లేచి "ఆ మాటని ఏ ల్యాబ్‌లో తేల్చారు సార్?" అన్నాడు. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వేసి లెన్సుల్లోకి వెళ్లిపోయాను.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. వాడు వెటకారానికి అన్నాడో నిజంగానే అడిగాడో తెలీదు. ఎలా అడిగినా నా దగ్గర జవాబు లేదు. సోమవారం మళ్లీ అదే క్లాసు. ఏం చెప్పమంటారు?

చార్వాక · శుక్రవారం 9:31

ఇందులో నిద్ర చెడగొట్టుకునేంత ఏముంది మాస్టారూ? మాటల గారడీ అది. మశూచి పోయిందా లేదా? 1980లో ప్రపంచంలోనే లేదని ప్రకటించారా లేదా? పూజలతో పోయిందా, టీకాతో పోయిందా? పని చేస్తున్నది ఒక్కటే దారి అయినప్పుడు ఆ దారే దారి. ఆ కుర్రాడు సెల్‌ఫోను పక్కన పెట్టి అప్పుడు అడగమనండి.

లెక్కలమాస్టారు · శుక్రవారం 9:58

చార్వాక గారూ, సైన్సు పని చేస్తుందనడంలో ఇక్కడ ఎవరికీ తగాదా లేదు. ఆ ‘ఒక్కటే’ దగ్గరే పేచీ. మా ఊరికి ఆర్టీసీ బస్సు బ్రహ్మాండంగా వస్తుంది. కాబట్టి మా ఊరికి ఆ బస్సు ఒక్కటే దారి అంటే రైల్వే స్టేషన్ ఏమైపోవాలి?

నా సబ్జెక్టు నుంచి ఒక కథ చెబుతాను, కాస్త ఓపిక పట్టండి. ఏ సంఖ్యనైనా ప్రధాన సంఖ్యల గుణకారంగా విడగొట్టొచ్చు. 10 అంటే 2×5, రెండు ముక్కలు, సరి. 12 అంటే 2×2×3, మూడు ముక్కలు, బేసి. ఇలా 1 నుంచి ఏదో ఒక సంఖ్య దాకా అన్నింటినీ విడగొట్టి చూస్తే, బేసి ముక్కలవి సగమైనా ఉంటాయి, లేదా సగం కంటే ఎక్కువ ఉంటాయి. 1919లో పోల్యా అనే హంగేరీ గణిత శాస్త్రజ్ఞుడు ఇది ఎప్పటికీ ఇంతేనేమో అన్నాడు. వంద దాకా చూడండి, నిజమే. లక్ష దాకా చూడండి, నిజమే. పది కోట్ల దాకా, యాభై కోట్ల దాకా, నిజమే.

1958లో అది తప్పని రుజువైంది. మొట్టమొదట తప్పేది 90,61,50,257 దగ్గర అని 1980లో తేలింది.

తొంభై కోట్లకు పైగా రీడింగులు వరసగా ఒకే మాట చెబితే మీ ల్యాబ్‌లో దాన్ని ఏమంటారు ఫిజిక్స్ సార్? నియమం అంటారు, పాఠ్యపుస్తకంలో పెడతారు. మా దగ్గర అది ఉత్త ఊహ. రుజువు కావాలి. ఆ రుజువు కాగితం మీద ఆలోచనతో వచ్చేది, పరికరంతో కొలిచి తెచ్చేది కాదు. అంటే నిజానికి ఇంకో దారి ఉంది. అది మీ దారికంటే వదులుగా లేదు, బిగువుగా ఉంది.

చార్వాక · శుక్రవారం 10:10

లెక్కలు సైన్సులో భాగమే కదండీ. తల్లిని కూతురి నుంచి విడదీసి గొడవ పెడుతున్నారు.

లెక్కలమాస్టారు · శుక్రవారం 10:14

తల్లే కూతురి మీద ఆధారపడి బతుకుతోందని మీరంటున్నారు. అది తప్పంటున్నాను.

నీలిపెన్ను · శుక్రవారం 11:40

ఫిలాసఫీలో ఎం.ఏ. చేసి బ్యాంకులో పని చేస్తున్నాను. చదివింది వాడుకునే అవకాశం ఏడేళ్లకి దొరికింది, వదలను.

ఆ కుర్రాడు తెలియకుండానే పెద్ద ప్రశ్న అడిగాడు. 1920ల్లో వియన్నాలో ష్లిక్, కార్నాప్ లాంటి తత్వవేత్తలు ఒక గుంపుగా కూర్చుని దాదాపు చార్వాక గారి మాటే అన్నారు. ఒక వాక్యానికి అర్థం ఉండాలంటే దాన్ని అనుభవంతో సరిచూసే వీలుండాలి, లేదా అది లెక్కల్లా మాటల అర్థాన్ని బట్టే నిజం కావాలి. రెండూ కాకపోతే అది అర్థం లేని శబ్దం. దేవుడు, ఆత్మ, మంచి, చెడు అన్నీ ఆ బుట్టలోకే. 1936లో ఎ.జె.ఎయర్ అనే ఇరవై అయిదేళ్ల ఆంగ్లేయుడు దీన్ని ఇంగ్లీషులో ఎంత ధాటిగా రాశాడంటే ఒక తరం దానితో ఊగిపోయింది.

చిక్కల్లా ఏమిటంటే ఆ నియమాన్ని ఆ నియమం మీదే పెట్టి చూస్తే? "సరిచూడలేని వాక్యానికి అర్థం లేదు" అన్న వాక్యాన్ని ఏ అనుభవంతో సరిచూస్తాం? మాటల అర్థాన్ని బట్టి నిజమా అంటే అదీ కాదు. అంటే దాని లెక్కలోనే అది అర్థం లేని శబ్దం. వాళ్లు తెలివితక్కువ వాళ్లేం కాదు, దీన్ని చూశారు. "ఇది నిజం కాదు, మేం పెట్టుకున్న ఒక పద్ధతి, ఒక సలహా" అని సర్దుకోబోయారు. సలహా అయితే సరే, నచ్చినవాళ్లు పాటిస్తారు, లేనివాళ్లు మానేస్తారు. 1978లో టీవీలో ఎయర్‌ని ఆ సిద్ధాంతంలో లోపాలేమిటని అడిగితే, దాదాపు అంతా తప్పేనని తనే ఒప్పుకున్నాడు. నలభై ఏళ్ల తర్వాత అలా అనగలగడం చిన్న విషయం కాదు. నాకు ఎయర్ మీద గౌరవం పెరిగింది అక్కడే.

పాతపుస్తకం · శనివారం ఉదయం 5:50

వియన్నా దాకా ఎందుకు నాయనా, చార్వాక గారు పెట్టుకున్న పేరులోనే ఉంది కదా ఈ తగవంతా. పాత చార్వాకులు ప్రత్యక్షం ఒక్కటే ప్రమాణం, అంటే నిజం తెలుసుకునే దారి, అన్నారు. కంటికి కనపడాలి, చేతికి తగలాలి. కొండ మీద పొగ చూసి నిప్పుందని ఊహించడం, శాస్త్రం మాటలో ‘అనుమానం’, అది కూడా ఒప్పుకోం అన్నారు. నైయాయికులు, అంటే న్యాయ దర్శనం వాళ్లు, ఏమడిగారో తెలుసా? "అయ్యా, అనుమానం ప్రమాణం కాదని మాకు నచ్చజెప్పడానికి వచ్చారే, మాకు ఆ సంగతి తెలీదని మీకెలా తెలిసింది? మా బుర్రలోకి తొంగి చూశారా? మా మాటల్ని బట్టి ఊహించారు. ఆ ఊహే అనుమానం."

మన అన్నంభట్టు పదిహేడో శతాబ్దపు తెలుగువాడు. ఆయన తర్కసంగ్రహంతోనే ఇప్పటికీ తర్కం మొదలుపెడతారు. అందులో నాలుగు ప్రమాణాలు: ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం (పోలికతో తెలుసుకోవడం), శబ్దం. శబ్దమంటే "ఆప్తవాక్యం శబ్దః, ఆప్తస్తు యథార్థవక్తా." ఉన్నదున్నట్టు చెప్పేవాడి మాట. ఎవడి మాట పడితే వాడిది కాదు, అది గమనించాలి.

ఫిజిక్స్ మాస్టారూ, మీకు తెలిసినవాటిలో మీ చేత్తో చేసి చూసినవి ఎన్ని, ఆప్తవాక్యం మీద ఒప్పుకున్నవి ఎన్ని? నిక్కచ్చిగా లెక్క వేసుకోండి.

ఫిజిక్స్‌సార్_గుంటూరు · శనివారం 7:20

పెద్దాయనా, నిద్ర లేవగానే భలే దెబ్బ కొట్టారు. ఎలక్ట్రాన్ బరువు నేనెప్పుడూ తూచలేదు. పిల్లలకి చెబుతూనే ఉన్నాను.

గుంటూరువాణ్ణి కదా, మా ఊరి సంగతే గుర్తొచ్చింది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం. జాన్సెన్ అనే ఫ్రెంచాయన గుంటూరులో స్పెక్ట్రోస్కోపు (వెలుగుని రంగుల గీతలుగా విడగొట్టి చూపే పరికరం) పెట్టుకుని చూశాడు. సూర్యుడి అంచున ఎగిసే జ్వాలల్లో మెరిసే గీతలు కనిపించాయి. ఎంత బాగా మెరిశాయంటే, వీటిని గ్రహణం లేకుండా కూడా చూడొచ్చని తట్టి, మర్నాడే అలా చూశాడు కూడా. ఆ గ్రహణంలో కనిపించిన పసుపుపచ్చ గీత తర్వాత హీలియం కథకి మొదలైంది. మచిలీపట్నంలో మద్రాసు అబ్జర్వేటరీ పాగ్సన్ కూడా ఆ గీతని చూశాడు. ‘గుంటూరులో హీలియం కనుక్కున్నారు’ అని మన పేపర్లలో రాసేస్తుంటారు గానీ, జాన్సెన్ కొత్త మూలకం అనలేదు. ఆ మాట ఇంగ్లండులో లాక్యర్ ఆ గీతని పట్టుకుని అన్నాడు. భూమ్మీద హీలియం చేతికి చిక్కింది 1895లో, రాంసే ఒక యురేనియం ఖనిజం నుంచి రాబట్టినప్పుడు. నడుమ ఇరవై ఏడేళ్లు.

దీన్నే ఏటా క్లాసులో చెబుతాను. ఈ ఉదయం కాఫీ తాగుతుంటే తట్టింది. హీలియం గీతని ఎప్పుడు కావాలంటే అప్పుడు చూడొచ్చు, గొట్టంలో వాయువు నింపి కరెంటు ఇస్తే చాలు. కానీ జాన్సెన్ ఆ రోజు *గుంటూరులో* నిలబడ్డాడన్న సంగతి? దాన్ని ఏ స్పెక్ట్రోస్కోపులో చూస్తాం? ఆ పొద్దు మళ్లీ రాదు. ఆయన ఉత్తరాలు, అప్పటి రిపోర్టులు, వాటిని పక్కపక్కన పెట్టి చదివినవాళ్లు. అంతే ఆధారం. అయినా అది హీలియమంత నిజం.

భక్త_కుమార్ · శనివారం 8:05

చూశారా! చివరికి సైన్సు మాస్టారే ఒప్పుకున్నారు 🙏 సైన్సుకి అందనివి చాలా ఉన్నాయని మా తాతగారు ఎప్పుడో చెప్పారు. జాతకం, వాస్తు, మృగశిర కార్తెకి చేప మందు, అన్నీ అనుభవంతో తెలిసేవే. ల్యాబ్‌లో పెడితే తెలియవు. 1995లో వినాయకుడు పాలు తాగితే అప్పుడు ఏ సైంటిస్టు ఆపగలిగాడు?

చార్వాక · శనివారం 8:09

ఇదిగో. ఇదే. ఈ పోస్టు కోసమే నిన్నటి నుంచి ఎదురుచూస్తున్నాను. లెక్కల మాస్టారూ, పాతపుస్తకం గారూ, తలుపు కొంచెం తీశారు. లోపలికి ఎవరొచ్చారో చూసుకోండి.

లెక్కలమాస్టారు · శనివారం 8:40

కుమార్ గారూ, నా భుజం మీద తుపాకీ పెట్టి మీరు కాల్చొద్దు.

1995 సెప్టెంబరు 21 నాకు బాగా గుర్తు, నేనూ చెంచా పట్టుకుని క్యూలో నిలబడ్డాను. పాలకి రంగు కలిపి చూశారు, విగ్రహం మీద నుంచి పల్చగా కిందికి జారిపోయాయి. తలతన్యత, అంటే ద్రవం పైపొరకి ఉండే బిగువు. అది సైన్సు తేల్చాల్సిన ప్రశ్నే, తేల్చేసింది కూడా. చేప మందుతో ఉబ్బసం తగ్గుతుందా అన్నదీ అంతే. కొంతమందికి ఇచ్చి, కొంతమందికి ఇవ్వకుండా చూస్తే తేలిపోతుంది. జాతకం ఫలానా తారీఖున ఫలానాది జరుగుతుందంటే అదీ సరిచూడదగ్గ మాటే. మీరు చెప్పినవన్నీ సైన్సు పెరట్లో ఉన్న ప్రశ్నలు. సైన్సుకి అందనివి కావు, అంది ఓడిపోయినవి.

నేను చెప్పిన దారులకి గేట్లున్నాయి. గణితంలో రుజువు రాకపోతే తొంభై కోట్లు తెచ్చినా లోపలికి రానివ్వం. చరిత్రలో ఒక శాసనం దొరికితే లిపి చూస్తారు, భాష చూస్తారు, దొంగ శాసనమా అని అనుమానిస్తారు. కోర్టులో సాక్షిని అవతలి ప్లీడరు పీకి పాకం పెడతాడు. మీ తాతగారి మాటని ఎవరు, ఎలా తప్పుపట్టగలరో చెప్పండి, అప్పుడు మాట్లాడదాం.

మోడరేటర్ · శనివారం 8:55

తాతల దాకా వెళ్లొద్దు. ఇద్దరికీ.

వరంగల్_డాక్టరమ్మ · శనివారం రాత్రి 10:25

డ్యూటీ దిగి ఇప్పుడే అంతా చదివిన. చార్వాక అన్నా, నేను రోజూ మీ పక్షమే. ఆకుపసరు తాగి కామెర్లు ముదిరినంక వచ్చేవాళ్లని చూస్తా కాబట్టి.

కానీ ఒకటి చెప్పాలి. కొన్నాళ్ల కింద ఎనభై దాటిన పెద్దాయన, రెండు కిడ్నీలు పోయినయ్. డయాలసిస్ చేస్తే ఎంత, చెయ్యకపోతే ఎంత, ఆ వయసులో ఎట్లుంటది, పరిశోధనలు చెప్పే అంకెలన్నీ కొడుకులకి చెప్పిన. పెద్దోడు "మరి ఏం చెయ్యాలె మేడం?" అన్నడు. నా దగ్గరున్న పుస్తకాలన్నీ తిరగేసినా ‘చెయ్యాలె’ అన్న మాటకు జవాబు లేదు. ‘చేస్తే ఏమైతది’ అన్నదానికే ఉంది. పెద్దాయన మాత్రం "వారానికి మూడు పొద్దులు సూదుల మీద పండుకునుడు నాతోని కాదు బిడ్డా, ఇంటికి తోలియ్యి, చెట్టు కింద కూసుంట" అన్నడు. పంపినం.

అది సరైన పని. ఆ సంగతి నాకు ఎంత గట్టిగా తెలుసో కిడ్నీల సంగతి చెప్పే క్రియాటినిన్ రిపోర్టు కూడా అంత గట్టిగా తెలవదు.

చార్వాక · శనివారం 10:50

డాక్టరమ్మా, మీ మీద గౌరవంతోనే చెబుతున్నాను. అది విలువ. నిజం కాదు. విలువలు మనిషి మనిషికీ మారతాయి. సైన్సు తప్ప దేనికీ ‘నిజం’ అన్న పేరు పెట్టొద్దనే నా వాదన. మంచిదే, అందమైనదే అనండి. నిజం అనొద్దు.

నీలిపెన్ను · శనివారం 11:15

చార్వాక గారిది బలమైన వాదనే, తేలిగ్గా తీసుకోకూడదు. ‘ఉంది’ అన్నవాటిని ఎన్ని పేర్చినా వాటిలోంచి ‘ఉండాలి’ పుట్టదని 1740లోనే హ్యూమ్ అనే స్కాట్లండు తత్వవేత్త పట్టుకున్నాడు.

పాతపుస్తకం · ఆదివారం ఉదయం 6:05

చార్వాక గారిని ఒక్కటి అడుగుతాను. గోరాగారంటే మీకు ప్రాణమని మీ పాత పోస్టుల్లో చూశాను. నాకూ గౌరవమే, దేవుణ్ణి నమ్మేవాణ్ణయినా. 1940లో ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టాడు, తర్వాత విజయవాడ తెచ్చాడు. గ్రహణం రోజు గర్భిణుల్ని బయటికి తెచ్చినా, నిప్పుల మీద నడిచి చూపించినా, అదంతా మీరు చెప్పే సైన్సు. ఒప్పుకుంటాను.

కానీ అంటరానితనం తప్పని ఆయనకి ఎలా తెలిసింది? వృక్షశాస్త్రం చదివిన మనిషి. మైక్రోస్కోపులో చూశాడా? తన కూతుర్ని దళిత యువకుడికిచ్చి 1948లో సేవాగ్రామంలో పెళ్లి చేశాడే, అది ఏ ప్రయోగ ఫలితం చూసి? ఆ రోజుల్లోనే తలకాయలు కొలిచి ఫలానా జాతి తక్కువది అని చెప్పిన సైంటిస్టులు యూరప్ నిండా ఉన్నారు. వాళ్ల కొలతలు తప్పని తర్వాత తేలింది, సరే. కొలతలు ఒప్పయి ఉంటే గోరాగారు పెళ్లి ఆపేసేవారా?

"మనిషిని పుట్టుకతో తక్కువ చెయ్యడం తప్పు." ఇది మీ అభిరుచా? నాకు పనసపండు ఇష్టం లేనట్టు? లేక నిజమా?

భక్త_కుమార్ · ఆదివారం 7:30

ఇది బాగుంది పెద్దాయనా 👌

చార్వాక · ఆదివారం మధ్యాహ్నం 3:40

పొద్దుటి నుంచి మూడుసార్లు రాసి చెరిపేశాను.

అభిరుచి అని నేను అనలేను. అంటే గోరాగారు చేసినది పనసపండు ఇష్టపడటంతో సమానం అవుతుంది. ఆ మాట నా నోటితో రాదు. అది నిజమే. ఎలాంటి నిజం, ఎలా తెలుస్తుంది అంటే చెప్పలేను.

కానీ నేనెందుకింత మొండిగా ఉన్నానో కూడా వినండి. మా మేనత్తకి షుగరు. ఒకాయన వేరు మందు ఇచ్చి ఇన్సులిన్ మానెయ్యమన్నాడు. "అన్నీ ఇంగ్లీషు డాక్టర్లకే తెలుసా, వాళ్లకి అందనివి ఉంటాయమ్మా" అన్నాడు. అచ్చం ఈ మాటే. నాలుగు నెలల్లో కాలు తీసేశారు, ఆరో నెలలో పోయింది. ఆ వాక్యం వింటే నాకు ఆవిడ మంచం కనపడుతుంది. రాజ్యాంగంలో శాస్త్రీయ దృక్పథం పెంచుకోవడం పౌరుడి విధి అని 51ఎలో రాసుకుంది ఊరికే కాదు. ‘సైన్సు ఒక్కటే’ అనడం తర్కానికి నిలవకపోవచ్చు. ఈ దేశంలో అంత గట్టిగా అనకపోతే వినపడదని నా భయం.

వరంగల్_డాక్టరమ్మ · ఆదివారం 4:15

అన్నా, మేనత్త గురించి బాధగా ఉంది. ఆ వేరు మందాయన చెప్పింది ‘సైన్సుకి అందని నిజం’ కాదు. రక్తంలో చక్కెర ఎంతుందో చుక్క రక్తంతో తెలుస్తది. ఆయన అబద్ధం చెప్పిండు, అంతే. దానికి పెద్ద పేరు పెట్టుకున్నడు.

లెక్కలమాస్టారు · ఆదివారం 4:30

చార్వాక గారూ, గట్టిగా అనాలన్న మీ మాట అర్థమైంది. కానీ చూడండి, నిలవని మాటని గట్టిగా అంటే, వెనక బెంచీ కుర్రాడు ఒక్క ప్రశ్నతో పడగొడతాడు. అది పడితే పక్కనున్న నిలిచే మాటల్ని కూడా పిల్లలు నమ్మరు. వేరు మందాయనకి కావలసింది అదే.

ఫిజిక్స్‌సార్_గుంటూరు · సోమవారం రాత్రి 8:50

క్లాసు అయింది. మీరంతా ఇంత చెప్పారు కాబట్టి ఏం జరిగిందో చెబుతున్నాను.

బోర్డు మీద నాలుగు వాక్యాలు రాశాను. ఒకటి, నీరు 100 డిగ్రీల దగ్గర మరుగుతుంది. రెండు, రెండు బేసి సంఖ్యలు కలిపితే సరి సంఖ్య వస్తుంది. మూడు, 1868లో జాన్సెన్ గుంటూరు వచ్చాడు. నాలుగు, పక్కవాడి పేపరు చూసి రాయడం తప్పు. ఒక్కోటీ నిజమో కాదో ఎలా తేలుస్తారో చెప్పమన్నాను.

మొదటిదానికే రభస. అరకు నుంచి వచ్చి హాస్టల్లో ఉంటున్న అమ్మాయి లేచి "మా ఊళ్లో 100 దాకా రాదు సార్, ఎత్తు కదా" అంది. నా వాక్యాన్ని ఆ అమ్మాయి దిద్దింది, సముద్రమట్టం దగ్గర అని చేర్చాం. రెండోదానికి ఎన్ని సంఖ్యలు కలిపి చూడాలి అన్నాను. యాభై అన్నారు, వెయ్యి అన్నారు. తొంభై కోట్ల కథ చెప్పాను (లెక్కల మాస్టారికి దండాలు). అప్పుడు ఒకడు ‘2ఎన్ ప్లస్ 1’ అని మొదలుపెట్టి మూడు లైన్లలో రుజువు చేసేశాడు. మూడోదానికి ఉత్తరాలు, రికార్డులు అన్నారు. "ఉత్తరం దొంగదైతే?" అని వాళ్లలో వాళ్లే కొట్టుకున్నారు. నాలుగోది వచ్చేసరికి కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత అందరూ ఒకేసారి మాట్లాడారు.

ఆ గోలలో వెనక బెంచీ కుర్రాడు లేచొచ్చి సుద్దముక్క అడిగాడు. నాలుగోదాని కింద ఐదోది రాశాడు. "సైన్సు ఒక్కటే నిజానికి దారి." రాసి, "దీన్ని వీటిలో దేనిలా తేల్చాలి సార్?" అన్నాడు. ఈసారి వెటకారం లేదు.

వాడికి నిజం చెప్పాను. మొన్న నేను అన్నది పొరపాటురా, ‘ఒక్కటే’ తీసెయ్యి అన్నాను. పద్దెనిమిదేళ్లలో పిల్లల ముందు తప్పన్నది ఇదే మొదటిసారి. అనుకున్నంత కష్టంగా ఏం లేదు.

చార్వాక · సోమవారం 9:05

వాడు తీసేశాడా?

ఫిజిక్స్‌సార్_గుంటూరు · సోమవారం 9:11

తీసెయ్యలేదండి. ‘ఒక్కటే’ చుట్టూ సున్నా చుట్టి పక్కన ప్రశ్నార్థకం పెట్టాడు. ఈలోగా బెల్లు కొట్టారు. తర్వాత పీరియడు కెమిస్ట్రీ ఆయనది. ఏం చేశాడో రేపు అడగాలి.